ఇంకో తీరు చూద్దాం

"మేడమ్‌కు ఇప్పుడు చాయ్ పంపుతలేం సాబ్," అన్నాడు చాయ్ హోటల్ మనిషి.

నేనేమీ అడగలేదు. అలవాటు కొద్దీ ఎదురుగా ఉన్న స్కానింగ్ సెంటర్ మెట్ల వైపు చూశాను, అంతే.

"ఏం, ఊరికి పోయిందా?"

"పోయింది." కాసేపు పాలగిన్నెలో గరిటె తిప్పాడు. "మీకు తెల్వదా? ఇంట్లనే కుర్చీల కూసున్నది కూసున్నట్టే పోయిందట. గుండె. ఎండకాలం మొదట్ల. పేపరోళ్ళు, మీకే తెల్వకపాయె."

బీదర్‌లో పొద్దున ఎవరు పోయినా సాయంత్రానికి ఊరి నడుమ చౌబారా దాకా తెలుస్తుంది. ఆమె సంగతి వీధి దాటి రాలేదు. పత్రికలో ఉన్నన్నాళ్ళూ పోయినవాళ్ళ గురించి రాయడం నాకు రోజువారీ పని. పుట్టిన ఊరు, చదివిన కాలేజీ, చేసిన పదవులు, మిగిలిన కుటుంబం. ఆమె విషయంలో వీటిలో ఒక్కటీ నాకు సరిగ్గా తెలియదు. దుబల్‌గుండి పక్కన మా ఊరని ఒకసారి అన్నది, ఊరి పేరు చెప్పలేదు. నాకు తెలిసినవి వేరు. ఆమె చీరకు పిన్నీసు పెట్టుకోదు. చాయ్ పూర్తిగా చల్లారాక, మీగడ కట్టాక, నీళ్ళు తాగినట్టు ఒకేసారి తాగుతుంది. కళ్ళద్దాలు నెత్తిన పెట్టుకొని టేబుల్ మీద వెతుక్కుంటుంది. "నార్మల్" అన్న మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు.

పిన్నీసు సంగతి ముందు చెప్పాలి. ఆమె ఆ సెంటర్లో స్కాన్లు చూసే డాక్టరు. ఆమె పని చేసే ఎమ్మారై యంత్రం పెద్ద అయస్కాంతం. ఆ గదిలోకి ఇనుప ముక్క పోతే గాల్లో ఎగిరి వెళ్ళి అతుక్కుంటుంది, మధ్యలో మనిషి ఉన్నా ఆగదు. అందుకని ఆమె బయట కూడా, పెళ్ళిళ్ళలో కూడా, పిన్నీసు పెట్టుకొనేది కాదు. పైట జారుతూనే ఉండేది. ఎడమ మోచేత్తో అదిమిపట్టుకొని మాట్లాడేది. ఒకసారి ఏదో సభలో పక్కనున్నావిడ జాలిపడి తన పిన్నీసు తీసి ఇవ్వబోయింది. "నకో అమ్మా. రేపు పొద్దుగాల యాదిమర్చి అట్లనే లోపలికి పోతే ఎవరి కంట్ల వోయి గుచ్చుకుంటదో," అన్నది ఆమె. ఆ పక్కావిడకు ఆ మాట అర్థమయ్యే అవకాశం లేదు. తన పిన్నీసు తాను మళ్ళీ పెట్టుకొని కుర్చీ కొంచెం దూరం జరుపుకుంది.

నేను ఆమెను మొదట కలిసింది ఆ యంత్రం ఊళ్ళోకి వచ్చిన కొత్తలో. హైదరాబాద్ పోనక్కర్లేకుండా ఇక్కడే పెద్ద స్కాన్ అంటూ వార్త రాయడానికి వెళ్ళాను. ఆమె నన్ను కూర్చోమనలేదు. తనే కూర్చోవడం మర్చిపోయి నిలబడి ఉంది.

"ఈ యంత్రం ఏమేం చూస్తుంది మేడమ్?"

"అది ఏం చూడదు. దానికి కండ్లెక్కడియి? లోపల నీళ్ళు ఎట్ల మెదుల్తున్నయో అది చెప్తది. చూసేది మనం. తప్పు చూసేది గూడ మనమే."

అర్థం కానట్టు నా మొహం ఉండి ఉంటుంది. "మీది ఏ ఊరు?" అని అడిగింది. సంతపూర్ అన్నాను.

"అయితే మీకు ఎర్రనేల తెలుసు, నల్లరేగడి తెలుసు. ఎర్రనేల మీద చెంబెడు నీళ్ళు పోస్తే ఏమైతది? అటు ఇటు పారి ఇంకిపోతది. నాని బిగిసిన రేగడి మీద పోస్తే? పోసిన కాడనే నిలుస్తది. ఒంట్ల గూడ అంతే. మంచి కండల నీళ్ళు తిరుగుతయ్. గడ్డ ఉన్న జాగల కణాలు కిక్కిరిసి ఉంటయ్, నీళ్ళకు మెదులెతందుకు సందు ఉండదు. మెషీన్ నీళ్ళను తోసి చూస్తది. తిరిగే నీళ్ళు బొమ్మల మాసిపోతయ్. నిలిచిన నీళ్ళు తెల్లగ మెరుస్తయ్."

"అయితే తెల్లగా మెరిసిందంతా క్యాన్సరే అన్నమాట," అన్నాను, శీర్షిక దొరికిన సంబరంతో.

"చూసిన్రా, ఇందుకే పేపరోళ్ళతోని మాట్లాడ." నెత్తిమీది అద్దాల కోసం టేబుల్ తడుముతూ చెప్పింది. "ఉత్త నీటిబుగ్గ గూడ తెల్లగ మెరుస్తది. అప్పుడు ఇంకో తీరు చూడాలె. ఆ బొమ్మల మీద లెక్క కట్టి ఇంకో బొమ్మ తీస్తం. దాంట్ల గడ్డ నల్లగ రావాలె. ఇందుల తెలుపు, అందుల నలుపు, రెండు కలిస్తెనే మాట. ఒక్కటి చూసి రాసినమనుకో, ఎవరి కొంపనో మునుగుతది."

వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది. "నా పేరు రాయకున్రి. ఫోటో నకో. రాస్తే, మెషీన్ మస్తు మొత్తుకుంటదని, దానికి భయపడి లేవొద్దని రాయండి." అంతే రాశాను. ఇప్పుడు కూడా పేరు రాయడం లేదు.

ఆ తర్వాత అటు వెళ్ళినప్పుడల్లా పలకరించేవాణ్ణి. "పేపరాయనా" అని పిలిచేది. ఆమె దగ్గరికి అన్ని రకాల రోగులూ వచ్చేవాళ్ళు, నడుములు, మోకాళ్ళు, తలనొప్పులు. కానీ ఆమె ఎక్కువసేపు పెట్టుకొనేది గర్భసంచి మూతి క్యాన్సర్‌తో వచ్చే ఆడవాళ్ళను. ఔరాద్ నుంచీ భాల్కి నుంచీ పల్లెటూరి బస్సులు దిగి, నెత్తిన కొంగుతో, వెనక మొగుడో కొడుకో నడుస్తుండగా వచ్చేవాళ్ళు. ఒక్కొక్కరికీ మామూలు కంటే రెట్టింపు సమయం తీసుకొనేది. సెంటర్ సేఠ్‌కు అది నచ్చేది కాదు. ఆమె వాదించేది కాదు, "ఇంకో తీరు చూద్దాం," అని లోపలికి పోయేది. నీళ్ళను మెల్లగా తోసి ఒకసారి, గట్టిగా తోసి ఒకసారి, ఇంకా గట్టిగా ఇంకోసారి. సన్న నరాల్లో నెత్తురు పారే కదలిక వేరట, కండలో నీళ్ళు మెదిలే కదలిక వేరట, ఓపిక ఉంటే రెంటినీ విడదీయొచ్చట. గడ్డ ఎంత మొండిదో, మందుకు లొంగుతుందో లేదో దాన్నిబట్టి కొంత ఊహించొచ్చట. యాభై దాటాక ఎక్కడికో వెళ్ళి నేర్చుకొని వచ్చింది ఇదంతా.

"బేజారైతాంది పేపరాయనా," అన్నది ఒక మధ్యాహ్నం.

"దేనికి?"

"ఇంత సన్నగ చూసుడు నేర్చుకున్న. వచ్చేటోళ్ళు మాత్రం ఇంతింత గడ్డలు ఏసుకొని వస్తరు. కండ్లు లేనోనికి గూడ తెలిసేటియి."

స్కాన్‌కు ముందు ప్రతి ఆడమనిషినీ ఒంటిమీద ఇనుము ఉందా, లోపల ఎక్కడైనా రాడ్డు వేశారా అని అడిగి, చివర "సంచి ఉన్నదా?" అనేది. మా సీమలో అది అవసరమైన ప్రశ్న. నడుము నొప్పికీ తెల్లబట్టకూ గర్భసంచి తీయించుకోవడమే మందు ఇక్కడ. ఔరాద్ దిక్కు మనిషి ఒకామె, "మా గల్లీల సంచి ఉన్నోళ్ళను లెక్కవెట్టమ్మా, జల్దీ అయితది," అన్నదని ఆమె నాకు చెప్పి, నవ్వలేదు.

మా వదిన కూడా తీయించుకుంది. సంతపూర్‌లో అన్న ఎవుసం చేస్తాడు, కంది, పెసర, సోయా. వదిన ముప్పై దాటిన కొత్తలో, కోతల నడుమ, ఒక నర్సింగ్ హోంలో ఆపరేషన్ అయింది. సంచి లేని ఆడదానికి ఆ దారిలో ఇక ఏ రోగమూ రాదని ఊరంతా నమ్ముతుంది. మా ఇంట్లోనూ అందరం నమ్మాం. కొన్ని ఆపరేషన్లలో సంచి తీసి దాని మూతి వదిలేస్తారనీ, రోగం వచ్చేది ఆ మూతికేననీ మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

చాలా ఏళ్ళకు, ఒక వానాకాలం, వదినకు నెత్తురు పడుతున్నదని ఇంట్లో తెలిసింది. వేడి చేసిందన్నారు. సబ్జా గింజలు నానబోసి తాగించారు. ఔరాద్‌లో లేడీ డాక్టరు చూసి ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని వచ్చింది. బీదర్‌లో ఆపరేషన్ డాక్టరు మిగిలిన మూతి కూడా తీసేద్దామన్నాడు, సోమవారం రమ్మన్నాడు. ఎందుకైనా మంచిది ఒకసారి స్కాన్ తీయించుకు రండి అన్నాడు.

అన్న ధైర్యంగానే ఉన్నాడు. కోయడం అతనికి అర్థమయ్యే విషయం. "కోసి పారేస్తే అయిపాయె తమ్మీ. కొందరికి కరెంటు పెడ్తరట. మన ఊర్ల కరెంటు పెట్టించుకున్నామె మళ్ళ చెల్కల అడుగు పెట్టిందా? మనకది లేదు, నయం."

రేడియేషన్‌ను మా వైపు కరెంటు పెట్టడం అంటారు.

స్కాన్ రోజు నేనూ వెళ్ళాను. వదిన పుస్తెలు తీయనన్నది. ఆ సెంటర్లో దానికి ఏర్పాటు ఉంది. ఒక డబ్బాలో పసుపు కొమ్ములు, తెల్లదారం ఉంచేవాళ్ళు. దారానికి కొమ్ము కట్టి ముందు మెడలో వేశాకే పుస్తెలతాడు తీయాలి, మెడ ఒక్క రెప్పపాటు కూడా వట్టిగా ఉండకూడదు. ఇది డాక్టరమ్మ పెట్టిన పద్ధతేనని ఆయా చెప్పింది. వదిన కొమ్మును రెండుసార్లు తడిమి చూసుకొని లోపలికి వెళ్ళింది.

కాసేపటికి యంత్రం చప్పుడు ఆగింది. డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"అన్నా, ఆమె నడుముకు ఏమన్న కట్టుకున్నదా?"

"మొలతాడు ఉంటది మేడమ్. నల్లదారం."

"దారమైతే ఇట్ల కాదు. బొమ్మ నడిమిట్ల బొంద వడ్డది. నేను చూడాల్సిన జాగనే మాయమైంది." మోచేత్తో పైట అదుముకొని మళ్ళీ లోపలికి పోయింది.

లోపల జరిగింది వదినే చెప్పింది నాకు, చాలా రోజుల తర్వాత, పెసర కాయ ఒలుస్తూ.

"అక్కా, నడుముకు ఏమున్నది?"

"ఏం లేదమ్మా."

"నాకు చెప్పకున్నా దానికి తెలిసింది," అని యంత్రం వైపు చూపించిందట.

సిగ్గుకొద్దీ లంగా విప్పనని ఆయాను బతిమాలుకున్నది వదిన. దాని కింద మొలతాడుకు ఒక రేకు తాయత్తు ఉంది.

"ఎవరు కట్టిన్రు?"

"నేనే వోయి కట్టించుకున్న. దర్గాల."

"దేనికి?"

వదిన తాయత్తును అరచేత్తో కప్పుకుందట.

"ఎప్పటిది?"

"పోయిన ఉర్సుకు ముందటి ఉర్సుది."

ఉర్సు ఏడాదికొకసారి జరిగే దర్గా జాతర. అంటే ఇంట్లో మాకు తెలియడానికి ఏడాది ముందు నుంచే నెత్తురు పడుతున్నది. డాక్టరమ్మ తిట్టలేదట. పక్కన ఉన్న స్టూలు మీద కూర్చున్నదట.

"అప్పటిసంది ఒక్కదానివే మోస్తున్నవా ఇది?"

"సంచి లేనిదానికి నెత్తురేందే అని నగుతరు గదమ్మా."

"ఎవరు నగుతరు?"

"అందరు."

తాయత్తు విప్పడానికి వదినకు చేతులు రాలేదు. విప్పితే కట్టిచ్చిన దర్గాకు కోపమొస్తుందని ఆమె భయం. "నా చేతిల పెట్టు," అన్నదట డాక్టరమ్మ. "నేల మీద పెట్ట, టేబుల్ మీద పెట్ట. నువ్వు బయటికి వచ్చేదాక నా పిడికిట్ల ఉంటది." అన్నట్టే చేసింది. రెండోసారి స్కాన్ చాలాసేపు నడిచింది. అద్దం అవతల ఆమె అంతసేపూ ఎడమచేత్తోనే కంప్యూటర్ నడిపిందని టెక్నీషియన్ తర్వాత చెప్పాడు. కుడిచేయి మూసే ఉందట.

మమ్మల్ని లోపలికి పిలిచింది. తెరమీద బూడిదరంగు బొమ్మలు. ఒకచోట వేలు పెట్టింది.

"మూతి దాటింది. కుడిపక్క గట్టు దాటి అవతలికి పోయింది. ఉత్త బొమ్మ చూస్తే ఇది పాత కుట్ల మచ్చ కావొచ్చు, మొన్న ముక్క తీసినప్పటి వాపు కావొచ్చు. నాకూ అట్లనే అనిపించింది. ఇంకో తీరు చూసిన. వాపైతే నీళ్ళు మెదుల్తయ్. ఈడ మెదుల్తలేవు. రెండు తీర్ల చూసిన, రెంట్ల గూడ మెదుల్తలేవు."

"అయితే ఇంకింత ఎక్కువ కోయమందాం," అన్నాడు అన్న.

"ఎంత కోసినా అంచు దొరకదు అన్నా. కోసినంక గూడ కరెంటు పెట్టక తప్పదు. రెండు దెబ్బలు తగుల్తయ్ మనిషికి. ముందే కరెంటు పెడితే ఒక్కటే దెబ్బ."

"సోమారం రమ్మన్నడు ఆపరేషన్ డాక్టరు. మీరు బొమ్మలు తీసేటోళ్ళు మేడమ్. కోసేటోడు ఆయన. ఆయన మాట గదా మేం ఇనాల్సింది."

"నిజమే," అన్నది. ఆమె మొహంలో కోపం లేదు. ఈ మాట ఎన్నోసారో విన్నట్టు ఉంది. ఫోన్ తీసి ఆ డాక్టరుతో మాట్లాడింది. మాకు ఆమె మాటలే వినిపించాయి.

"అవును సర్, ఇయ్యాల తీసిందే... కాదు, మచ్చ అనుకుంటలేను... నూటికి నూరు అనను సర్, నేనెప్పుడన్న అన్ననా?... తెరిచి చూస్తే తెలుస్తది, ఒప్పుకుంట. తెరవకుండ చూసెతందుకే గదా నన్ను ఈడ కూసోపెట్టిన్రు."

ఫోన్ పెట్టేసి, కళ్ళు మూసుకొని రెండు వేళ్ళతో నొక్కుకుంది. "సారుకు బేజారైంది. రిపోర్టు పంపమన్నడు. చూసి చెప్తడట." తర్వాత మా ఇద్దరి వైపు చూసింది. "మీరు చాయ్ తాగి రాన్రి. నేను అక్కతోని మాట్లాడాలె."

"ఆమెకేం తెలుస్తది మేడమ్?"

"ఆమె కడుపే గదా అన్నా."

చాయ్ హోటల్లో అన్న కప్పు ముట్టలేదు. "ఆడామె, ఆడామె కలిసి ఏం తేలుస్తరు?" అని ఒకసారి, "కరెంటు పెట్టి సంపుతరా ఏంది," అని ఒకసారి అన్నాడు. వదిన లేని ఇల్లు అతనికి ఊహకు రాదు. పొలంలో పొద్దున ఏ సాలు పట్టాలో కూడా ఆమెనడిగి పట్టేవాడు, ఒళ్ళు సంగతి మాత్రం ఎప్పుడూ అడగలేదు.

తిరిగి వెళ్ళేసరికి వదిన బయట నిలబడి ఉంది. పుస్తెలు మెడలో పడ్డాయి, పసుపు కొమ్ము ఇంకా తీయలేదు.

"నేను కోయించుకోను," అన్నది.

అన్న ఆమె వైపు చూడకుండా నా వైపు చూశాడు. "మరేం జేస్తవ్?"

"కరెంటు పెట్టించుకుంట. డాక్టరమ్మ బొమ్మ సూపెట్టింది. తుంగ లెక్క ఉన్నది. మన చెల్కల తుంగ గట్టు దాటినంక కొడవలితోని కోస్తే ఏమైతది? నీకు తెల్వదా?"

తుంగతో అన్న పెళ్ళికి ముందు నుంచీ కొట్లాడుతున్నాడు. పైన కోసినకొద్దీ కింద గడ్డలు పాకే గడ్డి అది. గుమ్మంలో డాక్టరమ్మ నిలబడి ఉంది. తుంగ సంగతి తాను చెప్పలేదని నాకు తర్వాత చెప్పింది. "నేను గట్టు దాటింది అని మాత్రమే అన్న. మిగతాది ఆమెనే అన్నది. నాకు తుంగ యాదికే రాలె."

సోమవారం ఆపరేషన్‌కు వెళ్ళలేదు. ఆపరేషన్ డాక్టరు కూడా రిపోర్టు చూసి, ముందు కరెంటే పెట్టించమన్నాడు. హైదరాబాద్‌లో చాలా వారాలు పట్టింది. తేలిగ్గా జరగలేదు. తిన్నది ఇమడలేదు, లోపలంతా కాలినట్టు ఉండేదట, నడుము కింద చర్మం నల్లబడింది. చికిత్స నడుమ ఒకసారి నేను చూడ్డానికి వెళితే, "మీ డాక్టరమ్మకు చెప్పు, ఒక్కటే దెబ్బ అన్నది, దెబ్బ ఎంత పెద్దదో చెప్పలె," అన్నది. చెప్పాను. డాక్టరమ్మ తల ఊపింది. "నిజమే. చెప్పలె. చెప్తే మీ వదిన పోకపోయేది."

తర్వాత స్కాన్లు అన్నీ ఇక్కడే తీయించాం. మొదటిదాంట్లో నల్లటి చోటు బూడిదరంగుకు తిరిగింది. నీళ్ళకు సందు దొరుకుతున్నదన్నమాట. ఆ తర్వాతిదాంట్లో చుట్టూ ఉన్నదాంట్లో కలిసిపోయింది. డాక్టరమ్మ బొమ్మలన్నీ అయిదారు తీర్ల తిప్పి చూసి బయటికి వచ్చింది.

"నాకు ఏం కనబడ్తలేదు అక్కా."

"అంటే ఉన్నదా, లేదా?"

"నాకు కనబడ్తలేదు అంటున్న."

"లేదు అనొచ్చు గదమ్మా. నీ నోటికేం బరువు?"

ఆమె నవ్వింది. ఇన్నేళ్ళలో ఆమె నవ్వగా చూసింది నేను ఆ ఒక్కసారే. ముందు పళ్ళలో ఒకటి పక్కకు తిరిగి ఉంటుందని అప్పుడే తెలిసింది. "బరువే అక్కా," అన్నది.

చాయ్ హోటల్లో విన్న కబురు వదినకు నేనే వెళ్ళి చెప్పాను. వాకిట్లో ఎండుమిరపకాయల తొడిమెలు తీస్తున్నది. ఇప్పుడు చేలోకి పోదు, ఎక్కువసేపు గొంతుక్కూర్చోలేదు, పీట మీద కాళ్ళు చాపుకొని కూర్చుంటుంది. ఒంట్లో బాగాలేని రోజుల్లో, "కోసుంటే ఆపరేషన్ బల్ల మీదనే పోదును, ఈ పీడ తప్పేది," అని కూడా అంటుంది.

"ఎంత వయసుంటది?" అని అడిగింది.

"అరవై దాటి ఉంటయ్ వదినా."

"నాకంటే పెద్దది," అన్నది. మిరపకాయలు తీస్తూనే ఉంది. చేట నిండాక లేచి, చేతులు కడుక్కొని, మండుతాయని తెలిసీ ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. అన్న నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చాడు.

పోయినవారం ఆమెను మళ్ళీ స్కాన్‌కు తీసుకువెళ్ళాం. ఇప్పుడక్కడ బొమ్మలు తీయడమే జరుగుతుంది, చూసేవాళ్ళు వేరే ఊళ్ళో ఉంటారు. రిపోర్టు మర్నాడు నా ఫోన్‌కు వచ్చింది. ఎక్కడా రోగం లేదని, అంతా నార్మల్ అని, తడబాటు లేకుండా రాసి ఉంది. ఎవరు చూశారో పేరు ఉంది కానీ ఎవరో మాకు తెలియదు. చదివి వినిపిస్తే వదిన, "సరే," అన్నది.

అంతకు ముందు రోజు, ఆమె లోపలికి వెళ్ళకముందు జరిగింది మాత్రం చెప్పాలి. హాలు నిండా జనం ఉన్నారు. కౌంటర్ దగ్గర కూర్చున్న అతను కొత్తవాడు. వదిన ముందు నిలబడి ఉండగా, తల ఎత్తి నన్ను అడిగాడు.

"పేషెంట్‌కు ప్రాబ్లమ్ ఏంది సార్?"

నేను గొంతు తగ్గించుకొని ఏదో చెప్పబోయాను.

"ఆయన్ను అడుగుతవేంది నాయనా. నన్ను అడుగు," అన్నది వదిన. "ఎన్కట నా సంచి తీసిన్రు. మూతి ఇడిసిపెట్టిన్రు. ఆ మూతికి క్యాన్సర్ లేసింది. సంచి లేదు గదా, నెత్తురేందని నేను దాచుకున్న. అది పక్కకు పాకింది. కరెంటు పెట్టించుకున్న. ఇప్పుడు మళ్ళ లేసిందేమో చూడాలె. రాసుకో."

చేలో ఆ చివరి మనిషికి వినపడేలా మాట్లాడే గొంతు ఆమెది. మగవాళ్ళు కొందరు నేల చూశారు, ఒకతను ఫోన్ తీశాడు. అన్న చెవులు ఎర్రబడ్డాయి కానీ అక్కడి నుంచి కదల్లేదు. కౌంటర్ అతను రాసుకుంటున్నాడు.

గోడ పక్కన ఒకామె కూర్చొని ఉంది. నలభై ఉండొచ్చు. నడుము నొప్పని వచ్చారు, చేతిలో పాత ఎక్స్‌రే కవరు ఉంది. పక్కన మొగుడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చాలా మెల్లగా అడిగింది.

"అక్కా, సంచి తీసినంక గూడ వస్తదా?"

వదిన తిరిగి ఆమెను చూసింది. పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఎప్పటిసంది?"

ఆమె మొగుడి వైపు చూసింది.

"విననీ," అన్నది వదిన. "చెప్పు."